ముఖమల్ సంచిలో ఖాళీ గుప్పిట

బోర్డుల మేస్త్రి సున్నా గీస్తే, అది గుడ్డనుకుని కోడి వచ్చి పొదగడానికి కూర్చుందని ఆ వీధిలో ఒక మాట ఉంది. అది అబద్ధం. కోడి కూర్చోలేదు. చుట్టూ రెండుసార్లు తిరిగి, అనుమానంగా ఒకసారి ముక్కుతో పొడిచి వెళ్లిపోయింది. అంతే. కొలబద్ద లేకుండా, ఊపిరి బిగబట్టి, ఒక్క విసురులో అంత గుండ్రంగా చుట్టేవాడు. ముప్పై ఏళ్లపాటు ఆ వీధిలో ఏ కొట్టు తెరవాలన్నా ముందు మేస్త్రి నిచ్చెన ఎక్కాలి, ఆ తర్వాతే కొట్టువాడు గల్లాపెట్టె ముందు కూర్చోవాలి. మందుల షాపు బోర్డు మీది అక్షరాలు చూస్తేనే సగం జ్వరం తగ్గేదట. మిగతా సగానికి జనం మాత్రలు కొనుక్కునేవారు.

అలాంటి రోజుల్లో ఎదురుగా ఫ్లెక్సీల దుకాణం వచ్చింది. మేస్త్రి బ్రష్షు కడుక్కునేలోపు అక్కడి మిషను మూడు బోర్డులు ఉమ్మేసేది. పైగా కొట్టువాళ్ల మొహాలు కూడా రంగుల్లో వేసేది.

"మీరు అక్షరాలే రాస్తారు మేస్త్రీ. వాళ్లు నా మీసం కూడా వేస్తున్నారు" అన్నాడు క్షవరం షాపతను, మొహమాటం లేకుండా.

మేస్త్రికి పని తగ్గింది గాని ఠీవి తగ్గలేదు. చెత్తడబ్బాలకు నంబర్లు వెయ్యమని మునిసిపాలిటీ గుమాస్తా వస్తే, "నేను బోర్డులు రాసేవాణ్ణి. డబ్బాలు గీకేవాణ్ణి కాదు" అని పంపేశాడు. మింగ మెతుకు లేకపోయినా మీసాలకు సంపెంగ నూనె కావాలనే రకం.

ఆయన దుకాణమంటే మెట్ల కింద గది. లోపల తుమ్మితే బ్రష్షులు వీధిలో వెతుక్కోవాలి. దానికి నాలుగు నెలల అద్దె బాకీ. ఈ సంగతి భార్యకు తెలియదని ఆయన నమ్మకం. ఆవిడ ఇంట్లోనే కుట్టుమిషన్ మీద వీధిలో సగం మందికి బట్టలు కుట్టేది. ఈయన పొద్దున్నే గడ్డం గీసుకుని, క్యారియర్ పట్టుకుని, "ఈరోజు పని ఎక్కువ, ఆలస్యమవుతుంది" అని చెప్పి బయల్దేరేవాడు. గదిలో కూర్చుని ఎండిపోయిన బ్రష్షుల్ని టర్పెంటైన్‌లో ముంచి, చొక్కా చేతికి నాలుగు చుక్కలు రాసుకుని, పని వాసనతో ఇంటికొచ్చేవాడు. సెంటు రాసుకుని భార్యలకు అబద్ధాలు చెప్పే మగవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. టర్పెంటైన్ రాసుకుని చెప్పినవాడు మాత్రం ఈయనొక్కడే.

ఇక ఆదివారం సంగతి. వీధి చివర చిన్న చర్చి. కప్పు ఒక్కచోటే కారుతుంది, అది సరిగ్గా పాస్టరుగారు నిలబడే చోటు. వానాకాలంలో ప్రసంగాలు పొట్టిగా ఉంటాయి కాబట్టి సంఘంవాళ్లు బాగుచెయ్యడానికి పెద్దగా తొందరపడలేదు. వరండాలో దాతల బోర్డు ఉంది. ఫ్యాను ఇచ్చినవారు, గంటకు తాడు ఇచ్చినవారు, చాపలు ఇచ్చినవారు, అందరి పేర్లూ అందులో ఎక్కాలి. రాసేది మేస్త్రే, అక్షరానికింత అని. ఫ్యాను తిరగడం మానేసి ఆరేళ్లయింది, ఇచ్చినాయన పేరు మాత్రం ఇప్పటికీ నిగనిగలాడుతోంది.

అక్కడి కానుకల సంచిని కుట్టింది మేస్త్రి భార్య. "ఎవరెంత వేశారో దేవుడికి తప్ప ఇంకొకరికి తెలియకూడదు తల్లీ" అని పాస్టరుగారు చెప్తే, మెరూన్ ముఖమల్‌తో మోచేతి లోతున కుట్టిపెట్టింది. దాన్ని పొడుగు కర్రకు కట్టి పాస్టరుగారి బావమరిది వరసల వెంట తిప్పుతాడు.

ఆ లోతే మేస్త్రికి కలిసొచ్చింది. ఎనిమిది నెలలుగా ఆయన ఆ సంచిలో ఖాళీ గుప్పిట వేస్తున్నాడు.

అలాగని అల్లాటప్పాగా వేసేవాడా? జేబులోంచి గుప్పిట బిగించి తీసేవాడు, బరువుతో భుజం కాస్త వంగినట్టు. మణికట్టు దాకా సంచిలోకి దించేవాడు. లోపల వేళ్లు విప్పి, ఆఖరి నాణెం చేతికి అంటుకుపోయినట్టు ఒకసారి విదిలించేవాడు. అప్పుడు కప్పువంక చూసి కళ్లు మూసుకునేవాడు. కప్పువంక చూడటం ఆయన సొంత కల్పన. "ప్రభువా, ఈ వారానికి సర్దుకో" అని లోపల అనుకునేవాడు. ప్రభువు ఎనిమిది నెలలుగా సర్దుకుంటూనే ఉన్నాడు. ఆయనకు ఓపిక ఎక్కువ. గది యజమానికి అంత లేదు.

ఒక శనివారం ఆ యజమాని వచ్చి, "వచ్చే ఆదివారం దాకా చూస్తాను. సోమవారం పొద్దున గదికి నా తాళం పడుతుంది. నీ నిచ్చెన లోపలుంటే లోపలే, బయటుంటే బయటే" అని చెప్పిపోయాడు.

మేస్త్రి దగ్గర మిగిలింది పెళ్లినాటి ఉంగరం ఒక్కటే. మనిషి చిక్కాక అది వేలికి వదులైపోతే, జారిపోకుండా భార్యే లోపలివైపు ఎర్ర దారం చుట్టి పెట్టింది. సోమవారం గుట్టుగా అమ్మేద్దామనుకున్నాడు. దారం చుట్టిన ఉంగరం తీసుకెళ్తే బంగారం కొట్టువాడు నవ్వుతాడని, ఆ సాయంత్రమే దారం విప్పి చొక్కా జేబులో పడేసి, ఉంగరం మళ్లీ వేలికే పెట్టుకున్నాడు.

మర్నాడు ఆరాధనలో సంచి వచ్చింది. ఎనిమిది నెలల నటన చేతికి అలవాటైపోయిందేమో, ఆ రోజు ఆయన విదిలింపు మరీ నిండుగా కుదిరింది. కప్పువంక చూసి, కళ్లు మూసి, తృప్తిగా కూర్చున్నాడు.

ఆఖరి కీర్తనలో ఎప్పటిలాగే బొటనవేలితో ఉంగరాన్ని తిప్పుకోబోయాడు. వేలు తగిలింది. ఉంగరం తగల్లేదు.

చూసుకున్నాడు. కుర్చీ కింద చూశాడు. పక్కాయన చెప్పుల్లో చూశాడు. అప్పుడు సంచి గుర్తొచ్చింది. నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. కీర్తన అవగానే కానుకలు లెక్కపెట్టే పక్కగదిలోకి వెళ్లి నెమ్మదిగా అడుగుదామని లేవబోతుంటే, ఆ గదిలోంచి లెక్కల టీచరమ్మ పరుగున వచ్చింది. రిటైరైన లెక్కల టీచరు, సంఘానికి ట్రెజరర్. ఆవిడ పరుగెత్తడం ఆ సంఘంలో ఎవరూ చూసి ఎరగరు. పాస్టరుగారి చెవిలో ఏదో చెప్పి, చేతిలో ఏదో పెట్టింది.

పాస్టరుగారు చెయ్యి పైకెత్తారు. రెండు వేళ్ల మధ్య ఉంగరం తళుక్కుమంది.

"ప్రియులారా! ఇరవై రెండేళ్ల నా సేవలో ఈ సంచిలో చొక్కా గుండీలు చూశాను, బస్సు టిక్కెట్లు చూశాను, ఒకసారి చాక్లెట్ కాగితం కూడా చూశాను. బంగారం ఇప్పుడే చూస్తున్నాను. ఇచ్చినవారు పేరు చెప్పుకోలేదు. చూశారా ఆ వినయం!"

ఇదే సమయమని మేస్త్రి చెయ్యి ఎత్తాడు. సగం లేచిందో లేదో, పాస్టరుగారు "స్తోత్రం!" అన్నారు. సంఘమంతా చేతులెత్తింది. నూట నలభై చేతుల్లో మేస్త్రి చెయ్యి కలిసిపోయింది.

అందరూ దించి చుట్టూ చూస్తే, ముందు వరసలో ఇనుప కొట్టు షావుకారు ఒక్కడే తల వంచుకుని కూర్చున్నాడు. ఎంత అణకువగా వంచాడంటే, ఇచ్చింది ఆయనేనని చంటిపిల్లలకు కూడా అర్థమైంది. ఆడవాళ్ల వైపు ఆయన భార్య మాత్రం తన ఉంగరాలు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

సాయంత్రం మేస్త్రి పాస్టరుగారింటికి వెళ్లాడు. దారిలో మాట సిద్ధం చేసుకున్నాడు. నోటు వేస్తుంటే దాంతోపాటు ఉంగరం జారింది, అంతే. చిన్న అబద్ధం, పెద్ద ఉంగరం.

"అయ్యగారూ, ఆ ఉంగరం గురించి..."

"నేనే కబురు పెడదామనుకుంటున్నాను మేస్త్రీ! కూర్చోండి. వచ్చే ఆదివారం దాన్ని వేలం వేసి కప్పు బాగుచేయిద్దాం. ముందు దాతల బోర్డు మీద ఆ కానుక ఎక్కాలి. 'బంగారు ఉంగరం, ఒక విశ్వాసి' అని మీరు రాయాలి."

"అది కాదండీ, నిజానికి..."

"డబ్బు సంగతేగా? అక్షరానికి మామూలు రేటే ఇస్తాం. అయినా మీకు నేను చెప్పాలా? ప్రతి ఆదివారం గమనిస్తూనే ఉన్నాను. మీ గుప్పిట ఎప్పుడూ నిండుగానే దిగుతుంది. మీలాంటివాళ్లను చూసే నేను కారే కప్పు కింద కూడా నిలబడగలుగుతున్నాను."

మేస్త్రి నోటిదాకా వచ్చిన అబద్ధం అక్కడే ఆగిపోయింది. నిజం ఎలాగూ రాలేదు. ఖాళీ నోటితో ఇంటికి వచ్చాడు.

ఉంగరం లేని వేలికి గుడ్డ చుట్టుకున్నాడు.

"వేలికి ఏమైందండీ?" అంది భార్య.

"బ్రష్షు గుచ్చుకుంది."

"బ్రష్షా? వెంట్రుకలు గుచ్చుకున్నాయా?"

"కొత్త బ్రష్షు. గట్టిగా ఉంది."

సోమవారం ఆవిడ గుడ్డ మార్చి కట్టు కట్టింది. మంగళవారం ఇంకాస్త పెద్ద కట్టు కట్టింది. బుధవారానికి ఆ వేలు చిన్న సొరకాయంత అయింది. పాపం చేసినవాడి నెత్తిన బరువు పెరుగుతుందంటారు. మేస్త్రికి వేలిమీద పెరిగింది.

ఆ వేలితోనే చర్చి వరండాలో దాతల బోర్డు ముందు స్టూలు వేసుకున్నాడు. అడ్డంగా దుప్పటి వేలాడదీసి, దాని వెనక కూర్చుని సుద్దముక్కతో గీతలు కొట్టుకుంటుంటే, దుప్పటి పక్కనుంచి ఇనుప కొట్టు షావుకారు తల దూర్చాడు.

"ఏం రాస్తున్నావు మేస్త్రీ?"

"'ఒక విశ్వాసి' అని రాయమన్నారండీ."

"ఒక విశ్వాసి. ఊఁ. బాగానే ఉంది. కాకపోతే సంఘంలో విశ్వాసులు చాలామంది కదా. జనం తికమకపడరూ?"

"మరేం రాయమంటారు?"

"నేనేమీ అనను. ఇచ్చింది నేనని నేను అన్నానా?"

"అనలేదండీ."

"కాదని అన్నానా?"

"అదీ అనలేదండీ."

"చూశావా! వినయమంటే అలా ఉండాలి" అన్నాడు షావుకారు. గొంతు తగ్గించి, "నా కొట్టుకి రెండు షట్టర్లు, గోడౌను గోడ ఒకటి ఉన్నాయి. ఫ్లెక్సీలు ఎండకి వెలిసిపోతున్నాయయ్యా. నీ చేత్తో రాయిద్దామని ఉంది. శనివారం సగం డబ్బు ముందే ఇస్తాను. ఇక్కడ మాత్రం 'ఇనుప కొట్టు కుటుంబం' అని చిన్న మార్పు. అంతే."

మేస్త్రి మనసులో లెక్క వేశాడు. రెండు షట్టర్లు, ఒక గోడ. అందులో సగం. నాలుగు నెలల అద్దెకు అచ్చు గుద్దినట్టు సరిపోయింది. సైతాను కొమ్ములు పెట్టుకుని వస్తాడని చిన్నప్పుడు విన్నాడు గాని, ఇంత కచ్చితంగా లెక్క కట్టుకుని వస్తాడని ఎవరూ చెప్పలేదు.

"ఆలోచిస్తానండీ" అన్నాడు.

"ఆలోచించు. అక్షరాలు మాత్రం కాస్త పెద్దవి వెయ్యి. నాకోసం కాదు, ముసలివాళ్లకి కనిపించాలి."

శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, భార్య కుట్టుమిషన్ పక్కన పీట వేసి కట్టు మార్చడానికి కూర్చోబెట్టింది. పాత గుడ్డ విప్పింది. కింద వేలు కొవ్వొత్తిలా నున్నగా, ఏ గాయమూ లేకుండా ఉంది. ఆవిడ దాన్ని చూడనట్టే కొత్త గుడ్డ చుట్టి, డ్రాయరు తీసి, అందులోంచి ఎర్ర దారం తీసి ముడివేసింది.

మేస్త్రి ఆ దారం వంక చూశాడు. ఉంగరానికి చుట్టిన దారమే. చుట్టలు చుట్టలుగా ఇంకా ఆ ఆకారంలోనే ఉంది.

"ఇదెక్కడిది?"

"చొక్కా ఉతకడానికి తీస్తే జేబులో దొరికింది. అంతకు ముందు రోజే పాస్టరుగారి చేతిలో ఉంగరాన్ని చూశాను. పాతికేళ్లు నా కళ్లముందు తిరిగిన ఉంగరం, నేను గుర్తుపట్టనా?"

"మరి ఇన్నాళ్లూ ఈ కట్లేమిటి?"

"మీ అబద్ధానికి దెబ్బ తగిలింది కదా. కట్టు కడుతున్నాను."

మేస్త్రికి నవ్వొచ్చింది. తర్వాత నవ్వు కాకుండా ఇంకేదో వచ్చింది. ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. ఫ్లెక్సీల దుకాణం, పనిలేని గది, టర్పెంటైన్ చుక్కలు, నాలుగు నెలల అద్దె, సోమవారం పడబోయే తాళం, షావుకారు షట్టర్లు. ఖాళీ గుప్పిట దగ్గరికి వచ్చేసరికి మాటకు బదులు గుప్పిట విప్పి చూపించాడు.

"అది నాకు తెలుసు" అంది ఆవిడ.

"ఎలా తెలుసు?"

"ఆ సంచి కుట్టిందెవరు? నాణెం పడితే దాని అడుగు కాస్త దిగుతుంది. మీ చెయ్యి వెళ్లొచ్చాక ఉపవాసంలో ఉన్నట్టే ఉండేది. ఎనిమిది నెలలుగా చూస్తున్నాను."

"అడగలేదేం మరి?"

"మీరు దేవుడికే చెప్పలేదు, నాకేం చెప్తారు?"

"దేవుడికి తెలుసు కదే!"

"తెలియడం ఆయన పని. చెప్పడం మీ పని. ఆయన పని ఆయన చేశాడు."

మేస్త్రి మిషను చక్రాన్ని ఒకసారి తిప్పి వదిలాడు. ఆవిడ సూదిలో దారం ఎక్కించుకుని, "షావుకారు గారికి ఏం చెప్తారు?" అంది.

"వాళ్ల పేరు రాస్తే గది నిలుస్తుంది."

"నిలుస్తుంది. అందులో కూర్చుని ఏం చేస్తారు? మళ్లీ టర్పెంటైన్ రాసుకుంటారా? ఆ సీసా కూడా ఊరికే రాదండీ."

శనివారం షావుకారు డబ్బు పట్టుకుని వచ్చాడు. "వద్దండీ. ముందు అక్షరాలు చూడండి, నచ్చితే అప్పుడిద్దురుగాని" అన్నాడు మేస్త్రి, దుప్పటి వెనకనుంచి. పనివాడికి ఇంత నిజాయితీ ఉన్నందుకు షావుకారు మురిసిపోయి వెళ్లాడు.

ఆదివారం ఆరాధన అయింది. మేస్త్రి గుప్పిట కట్టుతో ఒళ్లోనే ఉండిపోయింది, సంచి దాటిపోయింది. తర్వాత అందరూ వరండాలోకి వచ్చారు. షావుకారు ఉతికిన చొక్కాలో, తల వంచడానికి సిద్ధంగా, సరిగ్గా బోర్డు ముందు నిలబడ్డాడు. పాస్టరుగారు ప్రార్థన చేసి దుప్పటి లాగారు.

అంత అందమైన అక్షరాలు మేస్త్రి జన్మలో రాయలేదు. నీలం మీద పసుపు, అంచుకు సన్నటి తెల్ల గీత.

"బంగారు ఉంగరం: ఇచ్చినది కాదు, జారిపడినది. అది జారిన గుప్పిట ఎనిమిది నెలలుగా ఖాళీ. ఆ గుప్పిట బోర్డుల మేస్త్రిది. ఈ అక్షరాలకు డబ్బు తీసుకోలేదు."

పాస్టరుగారు ఒకసారి చదివి, అద్దాలు తుడుచుకుని మళ్లీ చదివారు. షావుకారు వంచబోయిన తలను మధ్యలో ఆపలేక, మెడ పట్టేసినట్టు పక్కకు తిప్పి దగ్గడం మొదలుపెట్టాడు. ఆయన భార్య, "అదీ సంగతి! నా ఉంగరాలు సరిగ్గానే ఉన్నాయి, ఈ మనిషి ఏది ఇచ్చాడా అని వారం నుంచి నిద్రపోలేదు" అంది, పైకే.

మేస్త్రి చెవులు కాలిపోతున్నాయి. పారిపోదామంటే వెనక భార్య నిలబడి ఉంది, చొక్కా అంచు పట్టుకుని.

అప్పుడు లెక్కల టీచరమ్మ ముందుకొచ్చింది. బోర్డు దగ్గరగా వెళ్లి, పిల్లల నోటుపుస్తకం దిద్దినట్టు అక్షరం అక్షరం చూసింది.

"తప్పుల్లేవు" అంది. "నేను ప్రతివారం రెండు లెక్కలు వేస్తాను. సంచిలో దిగిన చేతులు నూట నలభై. పడిన కానుకలు తొంభై. మిగతా యాభై మంది ఎవరా అని ఏళ్ల తరబడి చూస్తున్నాను. ఇవాళ ఒకరు దొరికారు. మిగతావాళ్లు తొందరపడక్కర్లేదు. బోర్డులో చోటుంది."

వరండాలో ఉన్న పెద్దమనుషులంతా ఒక్కసారిగా తమ చెప్పులు కొత్తగా కొన్నట్టు పరీక్షగా చూసుకున్నారు. మొదట పాస్టరుగారి బావమరిది కిసుక్కుమన్నాడు. తర్వాత పాస్టరుగారు నవ్వారు. అదుపు తప్పిన నవ్వు. కళ్లు తుడుచుకుంటూ మేస్త్రి దగ్గరికి వచ్చి ఉంగరం చేతిలో పెట్టారు.

"వారం క్రితం మీ గుప్పిటని పొగిడి మీ నోరు నేనే మూయించాను కదూ?"

"మూసుకోవాలని ఉన్న నోరేలెండి అయ్యగారూ. మీరు కాస్త సాయం చేశారు, అంతే."

"కప్పు సంగతి దేవుడు చూసుకుంటాడు" అన్నారు పాస్టరుగారు. దేవుడు దాన్ని ఇంకో రెండు వానాకాలాల దాకా చూసుకోలేదు.

సోమవారం పొద్దున్నే ఉంగరం అమ్మడానికి మేస్త్రి వెళ్లాడు. గుట్టుగా కాదు, భార్యతో కలిసి. బంగారం కొట్టువాడు చెప్పిన ధర మీద ఆవిడ మరో పదోవంతు గుంజింది. ఒక్కడే వెళ్లుంటే ఠీవికి పోయి అది వదిలేసి వచ్చేవాడు. అక్కడినుంచి అటే వెళ్లి నాలుగు నెలల అద్దె కట్టి, నిచ్చెన బయటికి తీసి, గది తాళంచెవి యజమాని చేతిలో పెట్టేశారు. గది పోయింది. బ్రష్షులు కుట్టుమిషన్ పక్క కిటికీలోకి వచ్చాయి. ఖాళీ వేలికి ఆవిడ ఆ ఎర్ర దారాన్నే మూడు చుట్లు చుట్టి ముడివేసింది. అది జారదు, దాన్ని ఎవరూ కొనరు.

మంగళవారం మేస్త్రి తనే నడిచి మునిసిపాలిటీ గుమాస్తా దగ్గరికి వెళ్లాడు.

"డబ్బాలు గీకేవాణ్ణి కానన్నావుగా?" అన్నాడు గుమాస్తా.

"అప్పుడు నాకు గది ఉండేదండీ. గదితోపాటు ఆ మాటా ఖాళీ చేశాను."

మూడువందల చెత్తడబ్బాలు. వందో నంబరు డబ్బా దగ్గర జనం ఆగి ఆ రెండు సున్నాల్ని చూసి, చేతిలో చెత్త వెయ్యడానికి మనసొప్పక తర్వాతి డబ్బాలో వేసి వెళ్లేవారట. నూటొకటో నంబరు డబ్బా ఎప్పుడూ పొంగిపొర్లుతూ ఉండేదని ఊడ్చేవాళ్లు సాక్ష్యం చెప్తారు.

నెల తిరక్కుండా షావుకారు కూడా వచ్చాడు, వీధి చివరనుంచి రెండుసార్లు వెనక్కి వెళ్లి మూడోసారి. "తన మీద అంత రాసుకున్నవాడు నా దగ్గర అక్షరాల్లో దొంగలెక్క వెయ్యడు" అని ఎవరూ అడక్కుండానే సంజాయిషీ ఇచ్చుకుని, షట్టర్లు రెండూ రాయించుకున్నాడు. గోడౌను గోడ గురించి మాత్రం ఎత్తలేదు. ఆ కోపం అంతమేరకు మిగిలింది.

మేస్త్రి ఇప్పుడు ఉన్న వారం ఉన్నంత వేస్తాడు. లేని వారం సంచి ముందు అరచెయ్యి చాపి, "ఈ వారం లేదు బ్రదర్" అంటాడు. ఎర్ర దారం చుట్టిన వేలితో సహా అందరికీ కనిపిస్తుంది. మొదట్లో పాస్టరుగారి బావమరిది సిగ్గుపడి గబగబా దాటిపోయేవాడు. క్రమంగా వెనక వరసల్లో ఒక అరచెయ్యి, పక్కన ఇంకొకటి చాపడం మొదలైంది. టీచరమ్మ లెక్కల్లో తేడా యాభై నుంచి ముప్పైకి, ముప్పై నుంచి పదికి దిగింది.

కిందటి ఆదివారం అది ఒకటికి వచ్చింది. ఆ ఒక్క గుప్పిట ముందు వరసలో దిగుతుందట. చాలా బరువుగా, చాలా వినయంగా. టీచరమ్మ పేరు చెప్పలేదు గాని, మేస్త్రిని పిలిచి దాతల బోర్డుకు వాడిన పసుపు రంగు డబ్బాలో ఇంకా ఎంత మిగిలిందో చూసి పెట్టమంది.